మొహం చూసి స్పీకర్లు ఇచ్చే అబ్బాయి

"పాట వినమని కూర్చోబెట్టి, నా మొహంలోకి అలా గుడ్లప్పగించి చూస్తారేమిటండీ?"

వయొలిన్ టీచరు అంత గట్టిగా అడిగేసరికి స్పీకర్ల షాపులో డెమో ఇచ్చే అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. చిన్న గది, మెత్తటి తివాచీ, ఒక సోఫా, ఎదురుగా నాలుగు జతల స్పీకర్లు. వాటికి వీపు పెట్టి, ఆమెకి ఎదురుగా నిలబడి ఉన్నాడతను.

"ఆ స్పీకర్లని చూసుకోవచ్చుగా?"

"రోజూ చూస్తూనే ఉంటాను మేడమ్. అవేం చెప్పవు. మీ మొహమే చెబుతుంది. ఇందాకటి జతకి కనుబొమలు ముడిపడ్డాయి. ఈ జతకి భుజాలు తేలికగా దిగాయి. కాబట్టి ఇవే మీవి."

టీచరుకి కోపం రావాలి. వచ్చింది నవ్వు. అది కనబడకుండా పెదవి కొరుక్కుంది.

"ఇది కూడా లెక్కలో వేసుకున్నాను," అన్నాడతను.

ఆ జతే కొనెయ్యవచ్చు. కానీ ఆమె, "ఆలోచించుకుని వస్తాను," అంటూ లేచింది.

రెండో శనివారం మళ్ళీ వచ్చి, హెడ్‌ఫోన్లు కావాలంది. నాన్న కునుకు తీసేటప్పుడు వినడానికట.

"ముందు మీరు పెట్టుకుని, ఏవి బావున్నాయో చెప్పండి."

"వద్దులెండి మేడమ్, నాది పెద్ద తల. సాగిపోతాయి."

మామూలు తలే. టీచరు ఆ తల వంక కాస్త ఎక్కువసేపే చూసి, తనే ఆరు రకాలు పెట్టుకుని చూసి, ఏడోది ఎంచుకుంది. స్పీకర్ల సంగతి మాత్రం మళ్ళీ వాయిదా వేసింది.

మూడో శనివారానికి సాకులు అయిపోయాయి. కొనక తప్పలేదు. బిల్లు చేతికి అందగానే, ఇక ఈ షాపు మెట్లెక్కే పనేముందని గుండెలో కలుక్కుమంది.

"రేపు నేనే వచ్చి బిగిస్తాను," అన్నాడతను.

ఆదివారం జల్లు పడుతుండగా, తను తడుస్తూ పెట్టెలు మాత్రం తడవనివ్వకుండా వచ్చాడు. టేపుతో గోడలు కొలిచాడు. స్పీకర్లని అటూ ఇటూ జరిపాడు. టీచరు అతని ఎడమ పక్కన నిలబడి తీగలు అందించింది. ఆమె నోరు విప్పినప్పుడల్లా మొత్తం మనిషే ఇటు తిరిగి వినేవాడు. ఎంత మర్యాదో అనుకుందామె.

అంతా అయ్యాక తన క్లాసు రికార్డింగ్ పెట్టింది. ఎడమ కుర్చీలో తను, కుడివైపు పిల్లలు. రోజూ ఆ క్లాసులోనే కూర్చుని పేపరు చదివే నాన్న, రెండు నిమిషాలు విని కళ్ళజోడు తీశాడు.

"అమ్మలూ, నీ కుర్చీలోంచి పిల్లలు వాయిస్తున్నారేమిటి?"

టీచరు చెవి ఒగ్గింది. నిజమే. కుడి ఎడమలు తారుమారయ్యాయి.

"ఎవరి మొహం చూస్తూ బిగించారు సార్?" అని ఆట పట్టించబోయింది.

అతను నవ్వలేదు. మొహం పాలిపోయింది.

"చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ చెవి పోయింది మేడమ్. ఒంటి చెవికి శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలీదు. అందుకే జనం మొహాలు చూస్తాను. తీగలకి రంగు చీటీలు అంటించుకుంటాను. ఎప్పుడూ తప్పలేదు. ఇవాళ..."

"ఇవాళ?"

"మీరు అందిస్తుంటే చీటీ చూడటం మర్చిపోయాను."

అతను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు ఇంకొకతన్ని పంపిస్తాను. సంగీతం మనిషి ఇంటికి నాలాంటివాడు రాకూడదు," అంటూ పనిముట్ల సంచి అందుకున్నాడు.

నాన్నే నోరు తెరిచాడు.

"కూర్చోవయ్యా! నలభై ఏళ్ళు లారీ ఇంజన్లు బాగుచేశాను. రెండు చెవులుండీ పెళ్ళాం మాట వినని డ్రైవర్లని బోలెడుమందిని చూశాను. మొహం చూసి మనసు కనిపెట్టేవాడిని ఇప్పుడే చూస్తున్నా."

"నాన్నా!"

"నన్నంటావేం? మూడు శనివారాల నుంచీ అద్దం వదలనిది ఎవరు?"

ఇక దాచడానికేం మిగల్లేదు. టీచరు చుట్టూ తిరిగొచ్చి అతని కుడి పక్కన నిలబడింది.

"ఆ స్పీకర్లు మొదటి శనివారమే నచ్చాయి. తర్వాత రెండుసార్లూ నేను వచ్చింది వాటికోసం కాదు."

ముందు అతని చెవి ఎర్రబడింది, తర్వాత మొహం.

"తీగలు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?" అందామె.

"రెండు నిమిషాలు."

"అయితే ఇవాళ వద్దు. వచ్చే ఆదివారం వచ్చి మార్చండి. అందాకా ఎవర్నీ పంపొద్దు."

"రెండు నిమిషాల పనికి వారమా?"

"పైపెచ్చు భోజనం కూడా చెయ్యాలి."

"అందాకా నేను తిరగేసిన పాట వినాలా?" నాన్న కేకేశాడు.

"సోఫా వెనక్కి తిప్పుకుంటే సరిపోతుంది నాన్నా!"

ఆయన లేచి సోఫాకి ఓ చివర పట్టుకున్నాడు. "చూస్తావేం అల్లుడూ, అటు చివర పట్టు!"

ఆ మాట ఎటునుంచి వచ్చిందో వెతుక్కోలేదతను. పరుగున వెళ్ళి పట్టుకున్నాడు.