పన్నెండు టేబుళ్ళు పట్టే మానిటర్

ఫెర్గస్ మూడో మానిటర్ పెట్టెను ఎలక్ట్రానిక్స్ షాపు కౌంటర్ మీద దించాడు. పెట్టె మీంచి వాన నీళ్ళు కారి మెరీయానా ముందున్న కాగితాలు తడిసిపోయాయి.

"ఇది కూడా కుదరలేదండీ," అన్నాడు.

మెరీయానా నోట్లోంచి పెన్ను మూత తీసింది.

"ఇప్పుడేమైంది?"

"మెడ నొప్పి."

"మానిటర్‌కా?"

"నాకు."

మొదటిది ఇరవైయేడు అంగుళాలది. అందులో టేబుళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయన్నాడు. రెండోది ముప్ఫైనాలుగు. వెడల్పుంది, ఎత్తు లేదన్నాడు. ఇది నలభైమూడు. దీనికి వెడల్పూ ఉంది, ఎత్తూ ఉంది. ఇక మిగిలింది అతని మెడ.

ఫెర్గస్ ఆన్‌లైన్ పోకర్ మీద బతుకుతాడు. తెర మీద ఒకేసారి పన్నెండు ఆటల టేబుళ్ళు తెరిచి ఆడతాడు. ఈ న్యూజిలాండ్ ఊరు ఇన్వర్‌కార్గిల్‌లో మిట్టమధ్యాహ్నమయ్యేసరికి యూరప్‌లో అర్ధరాత్రి. అక్కడ నిద్ర తూగుతూ ఆడేవాళ్ళ డబ్బే ఇక్కడ ఇతని భోజనం. ఏ టేబుల్ దగ్గరైనా ఆలోచనకు కొద్ది క్షణాలే దొరుకుతాయి. ఒక టేబుల్ ఇంకోదాని బొత్తాలను కప్పేసిందా, మంచి ముక్కలు పట్టుకుని కూడా ఓడిపోవాలి. అందుకని అతనికి మానిటర్ ఎంపిక పెళ్ళిచూపుల కంటే పెద్ద వ్యవహారం. కనీసం మెరీయానా అలా అనుకుంది.

షాపు మేనేజర్ గ్రేమ్ ఆమెను పక్కకు పిలిచాడు.

"అమ్మాయ్, ఇది మూడోది. నీ తొంభై రోజుల పరీక్షా కాలం శుక్రవారంతో అయిపోతుంది. వెనక్కొచ్చిన ప్రతి సరుక్కీ నీ పేరు మీద ఒక చీటీ. ఇప్పటికే రెండున్నాయి. మూడోది పడితే నిన్ను ఉంచుకోవడం నావల్ల కాదు."

"నేను తప్పుడు సరుకు అంటగట్టలేదు గ్రేమ్. ఆ మనిషి మెడే తప్పుడుది."

"అలా రాయడానికి చీటీలో గడి లేదు."

ఈ ఉద్యోగానికి ముందు మెరీయానా ఐదేళ్ళు మాంసం ఫ్యాక్టరీ చలిగదిలో గొర్రె కాళ్ళు అట్టపెట్టెల్లో సర్దింది. ఎండాకాలంలో కూడా వేళ్ళు నీలంగా ఉండేవి. మళ్ళీ ఆ గది గడప తొక్కనని అమ్మమ్మ దగ్గర ఒట్టేసింది. ఆ ఒట్టు ఇప్పుడు ఒక మెడకు వేలాడుతోంది.

ఆమె కొలత టేపు తీసుకుని కౌంటర్ దాటి వచ్చింది.

"పెట్టె ఎత్తండి."

"ఎక్కడికండీ?"

"మీ ఇంటికి. ఇది నా భోజనం గంట. ఆ మెడ సంగతేదో తేల్చుకుని వస్తాను."

ఫెర్గస్ మొహం వెలిగిపోయింది. పిల్ల ఉద్యోగం ఊడబోతుంటే వాడికి పండగ. పాపం తెలియదు కాబట్టి, వెధవ అని మాత్రం అని వదిలేద్దాం.

అతను ఉండేది వాళ్ళ పిన్ని ఇంటి వెనక పెరటిగదిలో. గుమ్మం బయటే బూట్లు విప్పాలి. విప్పితే మెరీయానా కుడి మేజోడులోంచి బొటనవేలు బయటికి చూసింది. కోపంగా వచ్చిన మనిషికి ఇంతకంటే దెబ్బ లేదు. ఆమె వేలు ముడుచుకుని నడిచింది.

పెట్టె విప్పించి మానిటర్ను బల్ల మీద నిలబెట్టించింది. బల్ల కొలిచింది. కుర్చీ కొలిచింది. కుర్చీలోంచి తెర దాకా కొలిచింది. అతని కళ్ళు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచింది. ఆ కొలత దగ్గర అతను ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి తీసుకోండి. మిమ్మల్ని కాదు, ఎత్తుని కొలుస్తున్నాను. ఊఁ, టేబుళ్ళు తెరవండి."

తెరిచాడు. అడ్డం నాలుగు, నిలువు మూడు. అంచుకు అంచు ఆనుకుని పన్నెండూ కూర్చున్నాయి. ఒక్కటీ పక్కదాన్ని తొక్కలేదు. కొలిచి కోసిన కేకు ముక్కల్లా ఉన్నాయి.

"ఇంతకంటే బాగా కుదిరే మానిటర్ భూమ్మీద లేదు," అంది మెరీయానా. "మెడ ఎక్కడ నొప్పి?"

"ఇక్కడ. కుడి పక్క."

"ఇందాక షాపులో ఎడమ చెయ్యి పెట్టి ఎడమ పక్క చూపించారు."

"అటు నుంచి ఇటు వచ్చిందండీ." ఫెర్గస్ లేచాడు. "టీ పెడతాను."

అతను నీళ్ళు కాచడానికి మూలకు పోయాడు. మెరీయానా తెర వంక చూసింది. కింది వరుసలో ఒక టేబుల్ వెనక నుంచి చిన్న తెల్ల కాగితం లాంటిది తొంగిచూస్తోంది. దాన్ని ముందుకు లాగింది.

ఆన్‌లైన్ ఆటగాళ్ళకు ఒక అలవాటుంది. ఎదుటివాడి పేరు పక్కన వాడి గుణాలు రాసి పెట్టుకుంటారు. ఎవడు ఖాళీ చేత్తో బెదిరిస్తాడు, ఎవడు ఊరికే జడుస్తాడు అని. ఫెర్గస్ రాసుకున్నవి అలాంటివే, వందల పేర్లు. అన్నిటికంటే పైన ఉన్న పేరు మాత్రం ఏ టేబుల్ మీదా ఆడదు.

"మెరీయానా. రెండో కౌంటర్. బుధ, గురు, శుక్ర, శని.
కోపమొస్తే పెన్ను మూత నములుతుంది.
ఇప్పటిదాకా నవ్వింది నాలుగుసార్లు. నా మాటకు ఒక్కసారి. అదీ జాలితో.
ముప్ఫైనాలుగుది బాగుంది. వెనక్కివ్వాలి.
నలభైమూడుది ఇంకా బాగుంది. మెడ నొప్పి అని చెప్పాలి."

ఫెర్గస్ రెండు కప్పులతో వెనక్కి వచ్చి ఆమె చూస్తున్నది చూశాడు. మొహం దాచుకుని ఆడే ఆటలో ఆరేళ్ళుగా ఆరితేరినవాడు. మొహం చూపించి ఒక్క అబద్ధం కూడా నిలబెట్టలేకపోయాడు. చెవులు బీట్‌రూట్ ముక్కలయ్యాయి.

"మళ్ళీ మీ షాపుకు రావాలంటే... ఏదో ఒక పని ఉండాలి కదండీ."

"వైరు కొనొచ్చుగా! మౌస్ కొనొచ్చుగా!"

"తట్టలేదు."

"పన్నెండు చోట్ల ఒకేసారి ఆలోచిస్తావు, ఇది తట్టలేదా నీకు?" మీరు అనే మాట ఆమె నోట్లోంచి ఎప్పుడో జారిపోయింది. "నువ్వు వెనక్కిచ్చిన ప్రతిదానికీ నా పేరు మీద చీటీ పడుతుంది. మూడైతే శుక్రవారం నన్ను పంపించేస్తారు. నీ సరదాకి నేను మళ్ళీ గొర్రె కాళ్ళు సర్దాలి!"

తెర మీద టేబుళ్ళు టింగుటింగుమని పిలిచాయి. పై వరుసలో ఒకచోట అతని చేతిలో రెండు ఆసులున్నాయి. పోకర్లో మొదట చేతికొచ్చే ముక్కల్లో అంతకంటే మంచివి లేవు. ఫెర్గస్ అటు చూడలేదు. కప్పులు కింద పెట్టి, కంప్యూటర్ వైరు పీకేసి, వానలో తన వ్యాను దగ్గరికి నడిచాడు. బూట్లు తొడగలేదు. మెరీయానా తనవి తొడుక్కుని అతని పక్కన ఎక్కింది.

ఉత్తకాళ్ళతో షాపులోకి వస్తే ఆ ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు. చప్చప్‌మనే తడి మేజోళ్ళను మాత్రం అందరూ తిరిగి చూశారు.

"గ్రేమ్ గారూ, మానిటర్లు మూడూ బంగారం లాంటివి. నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

ఫెర్గస్ మెరీయానా వంక చూశాడు. ఆమె సాయం చెయ్యలేదు.

"ఈవిడ్ని చూడ్డానికి," అన్నాడు నేల వంక చూస్తూ.

ఫ్రిజ్ కొనడానికి వచ్చిన ముసలి రైతు ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "గట్టిగా చెప్పు బాబూ, ఇక్కడికి వినపళ్ళేదు."

"ఈవిడ్ని చూడ్డానికి!"

"ఆఁ, ఇప్పుడు వినపడింది," అన్నాడు ముసలాయన. ఆ తర్వాత ఫ్రిజ్ సంగతి ఎత్తలేదు.

గ్రేమ్ సొరుగులోంచి రెండు చీటీలు తీసి చింపాడు.

"అబద్ధం చెప్పి ఇచ్చింది వాపసు కాదు. తెరిచిన పెట్టెలు రెండూ లోపలున్నాయి. అవీ నీవే. డబ్బు కట్టి మోసుకుపో."

"నాకు ఒకటి చాలండీ."

"ఆ బుద్ధి ముందుండాలి. అమ్మాయ్, నువ్వు శుక్రవారం ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకానికి రా."

మెరీయానా లోపలికి వెళ్ళి పెట్టెలు తెచ్చింది. ఒక పెట్టె తను ఎత్తుకుని బయటికి నడిచింది. రెండోది పట్టుకుని ఫెర్గస్ వెనకే వచ్చాడు.

"క్షమించు," అన్నాడు.

"క్షమించలేదు." పెట్టెను వ్యానులోకి తోసింది. "ఆదివారం పొద్దున తొమ్మిదికి మా అమ్మమ్మ ఇంటికి రా. మా నెట్‌బాల్ జట్టు దుస్తుల డబ్బు కోసం చీజ్ రొట్టె చుట్టలు అమ్ముతున్నాం. నలభై డజన్లు చుట్టాలి. చేతులు చాలట్లేదు."

"ఇది పిలుపా, శిక్షా?"

"వచ్చి తేల్చుకో."

ఆదివారం ఎనిమిదిన్నరకే వచ్చాడు. వంటింట్లో ఎనిమిదిమంది ఆడవాళ్ళున్నారు. రొట్టెముక్క మీద చీజ్ ముద్ద పూయాలి, చిరగకుండా చుట్టాలి. ఫెర్గస్ పూసిన చీజ్ రొట్టె కంటే అతని చొక్కాకే ఎక్కువ అంటింది. చుట్టినవి చుట్టినట్టే విచ్చుకున్నాయి. ఆడవాళ్ళు చూసి నవ్వారు. అతను విచ్చినవాటిని మళ్ళీ చుట్టాడు. మధ్యాహ్నం దాటింది. యూరప్‌లో ఎవరు తూగుతున్నారో అతనికి గుర్తు కూడా లేదు.

అమ్మమ్మ మెరీయానాను తలుపు దగ్గరికి లాగింది.

"నీ ఉద్యోగం పోగొట్టబోయింది వీడేనా?"

"ఊఁ. నిలబెట్టింది కూడా వీడే."

ముసలావిడ అతని చేతుల వంక చూసింది.

"చుట్టడం రాదు. నేర్చుకునే రకం కూడా కాదు. కానీ పొద్దుట్నుంచి కూర్చోలేదు." మేకుకు వేలాడుతున్న ఏప్రన్ అందుకుంది. "ఇది కట్టు."

ఆ ఇంట్లో బయటివాళ్ళకు ఏప్రన్ ఇవ్వరు. మెరీయానా వెళ్ళి అతని నడుముకు కట్టింది. ముడి కాస్త గట్టిగానే వేసింది.