మిరపచేను మట్టిలో ఎర్రవీ పచ్చవీ

"ఏవండీ కిషోర్‌బాబు గారూ, మట్టి తెమ్మంటే ఆవకాయ జాడీలో తెస్తారా? మీ చేలో బాక్టీరియా అంతా ఉప్పుకీ ఆవపిండికీ చచ్చి ఊరుకుంది!"

సూసన్ తొలి పలకరింపు అదే. దానికే కిషోర్‌బాబు పడిపోయాడు. ఆమె నందిగామ కాలేజీ ల్యాబులో చేలమట్టి బాక్టీరియా మీద పనిచేసే రీసెర్చ్ స్కాలరు. అతనిది చిల్లకల్లులో మిరపచేను. జాడీ కడిగి మళ్ళీ మట్టి తెచ్చాడు. చాలన్నాక కూడా తెస్తూనే ఉన్నాడు. చివరికొకరోజు మట్టి లేకుండానే వచ్చి మనసు విప్పాడు.

"ముందు మీ అమ్మగారితో చెప్పండి. ఆవిడ సరేనంటేనే మాట. దొంగచాటు వ్యవహారం నా వల్ల కాదు," అంది సూసన్.

చేలో తాచుపాముకి బెదరని కిషోర్‌కి అమ్మ భారతీదేవి అంటే హడలు. సూసన్ వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. భారతీదేవి వేదాద్రి నరసింహస్వామికి దణ్ణం పెట్టనిదే కాఫీ కూడా తాగదు. అందుకని, "మన చేలో పురుగుల్ని చూద్దువుగాని రా" అంటూ అమ్మని ల్యాబుకి తీసుకొచ్చాడు. అసలు ముక్క మాత్రం చెప్పలేదు.

మైక్రోస్కోపు కింద చిన్న చిప్పు, అందులో వెంట్రుకంత సన్నటి కాలవలు. ఒక గదిలో సూసన్ రంగు పట్టించగా ఎర్రగా మెరిసే బాక్టీరియా, పక్కగదిలో పచ్చగా మెరిసేవి. మధ్యన గోడ. దాని సందుల్లోంచి అవి వదిలే ఊట పారుతుంది గాని బాక్టీరియా దూరలేవు.

భారతీదేవి ఒక కన్ను మూసి వంగింది. "అమ్మాయ్, ఇందులో మనవాళ్ళెవరే?"

"రెండూ మీ చేలోవేనండి. పక్కన ఎర్రవుంటేనే పచ్చవి బాగా పెరుగుతున్నాయి."

"గోడ తీసేస్తే?"

"గోడ లేని చిప్పులో కూడా పెట్టానండి. మొదట కొట్టుకున్నాయి. తర్వాత ఒకేచోట గుంపు కట్టాయి."

"కొట్టుకోని కాపురం ఎక్కడుందిలే!" అంటూ తలెత్తి కొడుకుని చూసింది. "ఏరా, ఏసీలో చెమటలేంటి? ఈ పిల్ల కోసమేనా చేనంతా తవ్వి పోశావు? ఆ గోతులు చూసి పందికొక్కులనుకుని మందు పెట్టించాను కదరా!"

"అమ్మా, సూసన్ వాళ్ళు..."

"మెళ్ళో శిలువ కనపడటానికి మైక్రోస్కోపు కావాలా?"

భారతీదేవి మళ్ళీ వంగి చాలాసేపు చూసింది.

"ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చాక వాళ్ళింటికి వెళ్దాం," అంది చివరికి. "నువ్వు నోరెత్తకు. నేను మాట్లాడతా."

"థాంక్సండీ అత్తయ్యగారూ!"

"అప్పుడే అత్తయ్యనా? మీ అమ్మ ఒప్పుకోవద్దూ? ఆవిడెలాంటిదే?"

సూసన్ కిషోర్ వంక జాలిగా చూసింది. "మీకంటే గట్టిదండీ."

"అయితే బాగుంటుంది," అంటూ భారతీదేవి కొంగు నడుముకి దోపుకుంది.