వెళ్లినవాళ్ల అర

గొడవ తువ్వాళ్ల దగ్గర మొదలైంది. తువ్వాళ్ల దగ్గర గొడవేంటి అంటారా, అదే చెప్తున్నా.

ఆటిజం ఉన్న పెద్దవాళ్లు పగలంతా వచ్చి ఉండే సెంటర్ అది. అక్కడ పది రోజులు సేవ చెయ్యడానికి కాలేజీ నుంచి ఆరుగురు వచ్చారు. వాళ్లలో మనవాడి నోరు మూతపడదు కాబట్టి అందరూ వాణ్ణి లొడలొడ అంటారు. ఆ జట్టుని తీసుకొచ్చిన అమ్మాయి లీడర్. వచ్చిన రోజే వాడు గట్టిగా నవ్వాడు. చిన్న చప్పుడుకే తల్లడిల్లిపోయేవాళ్లు ఉంటారిక్కడ అని, లీడర్ వాణ్ణి బయటికి తీసుకెళ్లి కడిగి పారేసింది. అప్పట్నుంచి ఆమె చేత రోజుకోసారి తిట్లు తినకపోతే వాడికి తోచేది కాదు.

ఆరో రోజు తిట్లలో మాత్రం సరదా లేదు. పదింటికి వచ్చి తువ్వాళ్లు మడతపెడతానని అక్కడికొచ్చే నలభయ్యేళ్ల అన్నయ్యకి మాటిచ్చి, వీడు ఫోన్లో కబుర్లలో పడ్డాడు. ఆయన గంటసేపు బల్ల దగ్గర నిలబడే ఉన్నాడు. కూర్చోలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు.

"ఇక్కడ మాటంటే మాటే. అదొక్కటీ నీ బుర్రకెక్కదు," అంది లీడర్.

"అంత పనికిరానివాణ్ణయితే రేపు పొద్దున్నే బస్సెక్కి పోతాలే."

పౌరుషం కొద్దీ వెళ్లాడు కూడా. బస్సొచ్చింది, బస్సు పోయింది, వీడు బెంచీ మీదే ఉన్నాడు. ఆ పిల్ల మొహం చూడకుండా ఒక్క పూట కూడా గడవదని అప్పుడు తెలిసొచ్చింది. సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చేశాడు.

సెంటర్‌లో గంటలు మోగవు, గడియారాలు టిక్కుమనవు. నేలంతా మెత్తటి పరుపు చాపలు, ఎవరి అడుగూ ఎవరికీ వినపడదు. అది అలవాటే. కానీ రోజూ ఎదురొచ్చి చెయ్యూపే ముసలాయన ఈ రోజు వాడి భుజం మీంచి గోడని చూస్తూ దాటిపోయాడు. పలకరిస్తే పలకలేదు. భోజనాల గదిలో వాడి కుర్చీ లేదు. మిగతా కుర్చీలన్నీ దగ్గరగా జరిగి ఆ చోటు పూడుకుపోయింది. వాడి గ్లాసూ లేదు. తోటి స్టూడెంట్లు నలుగురూ తోటపనిలో ఉన్నారు. తువ్వాళ్ల అన్నయ్య ఎదురుగా నిలబడి, వచ్చేశానని చెప్పాడు. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, చెవులు మూసుకుని, గొంతులో సన్నగా రాగం తియ్యడం మొదలుపెట్టాడు.

బస్సు నిజంగానే ఎక్కానా, దారిలో ఏదో అయిపోయి నాకే తెలీలేదా అనుకున్నాడు. నవ్వొచ్చే ఆలోచనే గానీ నవ్వు రాలేదు. అద్దంలో చూసుకుందామని వెళ్లాడు. అద్దమంటే భయపడేవాళ్లున్నారని అక్కడ దానికెప్పుడూ తెర వేసే ఉంచుతారు. ఆ తెర తియ్యడానికి వాడికి చెయ్యాడలేదు.

అప్పుడే వరండా చివర లీడర్ కనిపించింది. వాణ్ణి చూసింది. చూసి, తల దించుకుని, పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

ఇక ఆగలేక పెద్దక్క గదిలోకి పరిగెత్తాడు. పెద్దక్క అంటే సెంటర్ నడిపే ఆవిడ. ఆవిడ వాణ్ణి చూసి కూర్చోమంది. ఆ ఒక్క మాటకే వాడికి ఏడుపొచ్చినంత పనయింది.

సంగతేంటంటే, హాల్లో ఫోటోల బోర్డు ఒకటుంది. రోజూ పొద్దున్న ఉన్నవాళ్ల ఫోటోలు పై అరలో, వెళ్లిపోయినవాళ్లవి కింది అరలో పెడతారు. ఎవరుంటారో ఎవరుండరో ముందే తెలిస్తేనే వాళ్లు స్థిమితంగా ఉంటారు. వీడు బస్సెక్కుతానన్నాడు కదా, స్టూడెంట్లు పడుకునే గదిలో వీడి మంచం కూడా ఖాళీగా ఉంది కదా, లీడర్ నమ్మి అందరి ముందూ ఫోటో కిందికి మార్చేసింది.

"నిన్ను వాళ్లు వెలివెయ్యలేదురా. వెళ్లిపోయినవాడు కళ్లముందు తిరుగుతుంటే భయపడ్డారు, నువ్వు భయపడ్డట్టే," అంది పెద్దక్క. ఫోటో పైకి రావాలంటే ఎప్పటిదాకా ఉంటాడో అందరి ముందూ చెప్పాలనీ, చెప్పి తప్పితే మళ్లీ గడప తొక్కనివ్వననీ కూడా చెప్పింది.

బోర్డు దగ్గర లీడర్ ఒక్కతే ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చూసి కూడా ఎందుకెళ్లిపోయావని అడిగాడు.

"పొద్దుట్నుంచీ నువ్వు నాలుగుసార్లు కనిపించావ్," అంది మెల్లగా. "మూడుసార్లు దగ్గరికెళ్తే ఎవరూ లేరు. నాలుగోసారీ ఎవరూ ఉండరేమోనని రావడానికి భయమేసింది."



అందరూ చేరారు. వాగుడుకాయకి ఆ రోజు రెండు వాక్యాలు చెప్పడానికి చెమటలు పట్టాయి. ఈ రోజుతో కలిపి నాలుగు రోజులుంటానన్నాడు. ఆ తర్వాత ప్రతి శనివారం పదింటికి వస్తానన్నాడు. లీడర్ ఫోటో పైకి మార్చింది. తువ్వాళ్ల అన్నయ్య చెవుల మీంచి చేతులు దించి, బోర్డు చూసి, వాణ్ణి చూసి, "శనివారం," అన్నాడు. వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు.

అందరూ పనుల్లోకి వెళ్లాక లీడర్ కదల్లేదు.

"నాకూ చెప్పు. ఎప్పటిదాకా?"

వాడు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"నువ్వంటే ఇష్టం. నీకు తేదీ లేదు."

"తేదీ లేనివి బోర్డు మీద పెట్టరు," అంటూ వాడి చెయ్యి పట్టుకుంది. మనిషున్నాడో లేడో చూసుకోవడానికి కాబోలు, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.