ఎన్ని దిళ్ళన్నయ్యా?

"పిలిస్తే పలుకుతాం. ఇక మీలో ఎవరూ ఒంటరి కాదు."

గుండె నీరసించి, పలకరించే దిక్కులేని పెద్దవాళ్ళకి ఆసుపత్రివాళ్ళు ఫోన్లో వీడియో బృందం పెట్టిన రోజున నర్సమ్మ చెప్పిన మాట అది. తర్వాత ఆమెను వేరే పనికి మార్చేశారు. మార్చి పదో తేదీతో ఈ బృందాన్నే ఎత్తేస్తామన్నారు. ఇప్పుడు తెర మీద ఆమె గడిలో ఆసుపత్రి బొమ్మ ఒకటి నవ్వుతూ ఉంటుంది. దానికి నోరుంది, చెవులు లేవు.

ఆ మధ్యాహ్నం అకాల ముసురు పట్టింది. టైలరమ్మ ఫోన్‌ని కుట్టుమిషన్‌కి ఆనించి, వాచిన కాళ్ళు పీట మీద పెట్టుకుంది. గదంతా మిషన్ నూనె వాసన, ఆరని గుడ్డల ముక్కిన వాసన. పట్టపగలే మసక చీకటి.

ఈ బృందంలో పలకరింపు "బాగున్నారా" కాదు, "ఎన్ని దిళ్ళు?" వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని జబ్బు ఇది. గుండె ఎంత నీరసిస్తే తల కింద అంత ఎత్తు కావాలి. లెక్కల మాస్టారు రెండన్నాడు. టైలరమ్మ మూడంటే, పరుపుల కొట్టు పెట్టుకో తల్లీ అని వెక్కిరించాడు.

బస్సు నడిపి రిటైరైన డ్రైవరన్నయ్య, పోయిన వారం కూర్చునే నిద్రపోతున్నానన్నాడు. సీటు అలవాటే కదా అని నవ్వించాడు కూడా. ఇవాళ ఆయన గడి చీకటిగా ఉంది.

"ఎన్ని దిళ్ళన్నయ్యా?"

"ఒక్కటీ లేదు చెల్లెమ్మా. వెల్లకిలా పడుకున్నా. హాయిగా ఉంది."

మాస్టారు చప్పట్లు కొట్టాడు. టైలరమ్మ కూడా కొట్టింది. కొడుతూ కొడుతూ ఆగిపోయింది.

ఆ గుండె వారంలో బాగుపడేది కాదు. ఆయన మాటకీ మాటకీ మధ్య పిల్లికూతలు వినిపించేవి. ఇప్పుడు అవి లేవు. చెవి ఆనించింది. అసలు ఊపిరి చప్పుడే లేదు...

"అన్నయ్యా... ఫోన్ మొహం మీదికి తిప్పు."

తెర కొంచెం కదిలింది. పైకప్పు. తిరగని ఫ్యాను. ఈగలు.

మాస్టారి చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఆయన ఇంకో ఫోన్లో ఆసుపత్రికి చేస్తే, మీ పిలుపు మాకు ముఖ్యమంటూ పాట మోగుతూనే ఉంది. అన్నయ్య ఇల్లు ఎక్కడో ఆయనకీ తెలియదు, ఈమెకీ తెలియదు. ఒకరి కాళ్ళ వాపు ఒకరికి తెలుసు. వీధి పేరు మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఇల్లెక్కడో చెప్పన్నయ్యా. ఎవరినైనా పంపిస్తాం."

టైలరమ్మ మళ్ళీ అడిగింది.

మాస్టారి గడి మాయమైంది. భయపడి ఆపేశాడో, ఏమైందో... టైలరమ్మ ఫోనే ఆపేసింది. తెర పూర్తిగా నల్లబడింది. అందులో ఆమె మొహమే ఆమెకి కనిపించింది.

ఆ నలుపులోంచే గొంతు వచ్చింది. మెల్లగా, ఆయాసం లేకుండా.

"లోపల గడియ వేసుంది చెల్లెమ్మా. తలుపు తీయడానికి మీలో ఎవరొస్తారు? నాకు జవాబు కావాలి. మార్చి పదో తేదీ లోపు."