నీళ్ల సున్నం

“కట్టె పెట్టి అడుగు దాంక కలుపు జర,” అంది కృప.

వనజ సున్నం బకెట్లో కట్టె పెట్టి గిరగిరా తిప్పింది. పైన తేరుకుని ఉన్న నీళ్లు మెల్లగా తెల్లబడ్డాయి. సున్నం తగిలి మండకుండా కృప చేతులకు కొబ్బరినూనె రాసుకుంది. ఈత మట్ట చివర దంచి చేసిన కుంచెను బకెట్లో ముంచి, ఇంటి ముందు గోడ మీద పైనుంచి కిందికి ఒక పూత వేసింది.

ఆదివారం మధ్యాహ్నం. పైన మబ్బు పట్టి ఉంది. ఉప్పునుంతలలో పెద్దవాళ్లంతా పత్తి ఏరడానికి వెళ్లారు. వనజ వాళ్ల నాయిన లింగయ్య కూడా చేనులోనే ఉన్నాడు. అమ్మ మాలతి మాత్రం నాయినమ్మను తీసుకుని నాగర్‌కర్నూల్ దవాఖానకు వెళ్లింది.

నాయినమ్మ కిష్టమ్మకు కంట్లో పొర వచ్చి చాలా కాలమైంది. ఏ రంగు చీర చూపించినా “అంత పొగ లెక్కనే ఉన్నది బిడ్డా” అనేది. ఇప్పుడు ఆపరేషన్ అయింది. సోమవారం సాయంత్రం ఇంటికి వస్తుంది. కంటికి దుమ్ము తగలొద్దని డాక్టరు చెప్పాడట. అందుకే ఇంట్లో ఏ పనున్నా ఆమె రాకముందే అయిపోవాలి.

నాయినమ్మ కన్ను తెరిచి చూసే ఇల్లు కొత్తగా మెరిసిపోవాలని వనజ పట్టు పట్టింది. “రంగులు కొనేటందుకు పైసల్లేవు. ఇంట్ల ఉన్నవాటితోని ఏమన్న చేసుకోండ్రి,” అన్నాడు నాయిన.

ఆ మాట చాలు వనజకు, ఆమె స్నేహితురాలు కృపకు. పాత పెండ్లి కార్డులను మామిడాకుల్లా కత్తిరించి దర్వాజకు తోరణం కట్టారు. అమ్మ చిరిగిన చీర కిటికీకి పరదా అయింది. కూల్‌డ్రింక్ సీసాలను సగానికి కోసి మనీప్లాంట్ తీగలు పెట్టారు. నిజం చెప్పాలంటే ఇందులో సగం తెలివి కృపదే. ఏటా క్రిస్మస్‌కు కాగితం నక్షత్రాలు చేసే చెయ్యి మరి. కత్తెర పట్టిందంటే వంకర పోదు.

లోపలి గోడలకు నాయిన శనివారం రాత్రి సున్నం వేశాడు. పొద్దున వనజ లేచి చూసేసరికి గోడలు పాలతో కడిగినట్టున్నాయి. కానీ సున్నం అక్కడికే అయిపోయింది. ముందు గోడ మిగిలిపోయింది.

“మా ప్రార్థన మందిరానికి ఏసిన సున్నం ఇంత మిగిలింది. నాయిననడిగి తెస్త,” అని కృప పరిగెత్తింది. వాళ్ల నాయిన స్టీఫెన్ బకెట్ నిండా పోసి ఇచ్చాడు. ఆ బకెట్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఆగుకుంటూ ఆగుకుంటూ మోసుకొచ్చింది.

ఇప్పుడు ఇద్దరూ కలిసి గోడ చాలావరకు వేశారు. వనజ రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఆమె ముఖం వాడిపోయింది.

గోడ తెల్లగా లేదు. బియ్యం కడిగిన నీళ్లు చల్లినట్టుంది. లోపల మట్టి రంగు అట్లాగే కనిపిస్తోంది. వనజ ఇంట్లోకి వెళ్లి లోపలి గోడ చూసింది. మళ్లీ బయటికి వచ్చి ఈ గోడ చూసింది.

“గిట్లున్నదేంది కృపా?”

“ఏమో. మందిరం గోడలైతే మంచిగనే ఉన్నయి.”

వనజ కళ్లు కృప గౌను మీద పడ్డాయి. అంచున సున్నం చుక్కలున్నాయి. కాలు తడిగా ఉంది. వనజకు ఒక గుణం ఉంది. అనుమానం పుట్టిందంటే అది కడుపులో ఆగదు, నేరుగా నోట్లోకి వస్తుంది.

“దారిల ఒలకబోసినవా?”

“జరంత కాలు మీద పడ్డది. అంతే.”

అప్పుడే జితేందర్, శ్రవణ్, ఇంకో నలుగురు పిల్లలు బ్యాటు పట్టుకుని అటుగా వచ్చారు. వాళ్లంతా వనజ క్లాసు పిల్లలే. జితేందర్‌కు అడగకపోయినా చెప్పే అలవాటు.

“నేను చూసిన. కృప బోరింగు కాడ ఆగింది,” అన్నాడు.

“కాలు కడుక్కునేటందుకు ఆగిన,” అంది కృప.

వనజకు అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. సున్నం ఒలికింది, బోరింగు దగ్గర ఆగింది, గోడ తెల్లబడలేదు. ఇంకేం కావాలి? నాయినమ్మ రేపే వస్తుంది. చేసిన పనంతా పాడైంది. కోపం ముంచుకొచ్చింది.

“సగం ఒలకబోసి, బోరింగు కాడ నీళ్లు నింపి తెచ్చినవ్ గద. ఇది సున్నమా? నీళ్ల సున్నం.”

పిల్లలు గొల్లున నవ్వారు. “నీళ్ల సున్నం, నీళ్ల సున్నం,” అన్నాడు జితేందర్.

కృప వనజ ముఖంలోకి ఒకసారి చూసింది. కుంచెను బకెట్ మీద అడ్డంగా పెట్టి, నూనె చేతులు గౌనుకు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. వనజ కూడా మిగిలిన గోడను అట్లాగే వదిలేసి, బకెట్ మీద మూత పెట్టి ఇంట్లోకి పోయింది.

సోమవారం పొద్దున ముఖం కడుక్కోవడానికి బయటికి వచ్చిన వనజ, గుమ్మం దిగి వెనక్కి తిరిగి చూసి ఆగిపోయింది.

ముందు గోడ తళతళ మెరుస్తోంది. లోపలి గోడల కంటే తెల్లగా ఉంది. వాళ్లు వేయకుండా వదిలేసిన ముక్క మాత్రం మురికిగా, మట్టిరంగులో మిగిలింది.

నాయిన వేపపుల్ల నములుతూ గోడనే చూస్తున్నాడు. “సున్నం యాడిది బిడ్డా? నేను తెచ్చినదాని కన్న మంచిగున్నది.”

“కృప తెచ్చింది,” అంది వనజ. “కానీ నాయినా, నిన్న నీళ్ల లెక్క ఉండె.”

“తడి మీద గట్లనే ఉంటది. సున్నం ఎండితెనే తెలుపు. లోపల నేనేసినప్పుడు గూడ గట్లనే ఉండె. నువ్వు పండుకున్నవ్, చూడలే.” నాయిన పుల్ల ఉమ్మేసి నవ్వాడు. “మబ్బుకు ఎండేటందుకు జర టైమ్ పట్టినట్టుంది. స్టీఫెన్‌కు చెప్పాలె, మంచి సున్నం ఇచ్చిండని.”

వనజకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోడ వైపు చూడాలంటే సిగ్గేసింది. ఎంత తెల్లగా కనిపిస్తే అంత సిగ్గేసింది. కృప బరువు మోసుకొచ్చింది. కాలు మీద సున్నం పడితే కడుక్కుంది. దానికే తను ఆమెను దొంగను చేసి మాట్లాడింది, అదీ నలుగురి ముందు.

బడికి పోగానే కృపకు చెప్పేస్తాననుకుంది. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. వనజ కంటే ముందే ఆ మాట బడికి చేరింది.

“నీళ్ల సున్నం వచ్చింది, జరగండ్రి,” అంటున్నాడు జితేందర్. శ్రవణ్ ఖాళీ బాటిల్ చాపి, “కృపా, దీంట్ల గూడ జర సున్నం పొయ్యి,” అన్నాడు. ఆదివారం ఆ గోడ దగ్గర లేనివాళ్లు కూడా నవ్వుతున్నారు. కృప రోజూ కూర్చునే వనజ పక్కన కాకుండా, వెనక బెంచీలో గోడ వైపు జరిగి కూర్చుంది.

తెలుగు టీచర్ క్లాసులోకి వస్తూనే ఆ గోల విన్నది. “ఏంటి ఈ నీళ్ల సున్నం? ఎవరు పెట్టారు ఈ పేరు?”

జితేందర్ ఓరగా వనజ వైపు చూశాడు. వనజ పుస్తకంలోకి తల వంచింది. లేచి నిలబడాలనుకుంది. కానీ లేవలేకపోయింది.

“కృపా, నువ్వు చెప్పు. నిన్నే కదా అంటున్నారు?”

“తెల్వదు టీచర్,” అంది కృప.

టీచర్ అందరినీ మందలించి పాఠం మొదలుపెట్టింది. వనజకు ఒక్క ముక్క ఎక్కలేదు. కృప తన పేరు చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. చెప్పలేదు. అందుకే ఇంకా ఎక్కువ సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగితే, చెమట తుడుచుకున్నట్టు తుడుచుకుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వనజ పళ్లెం పట్టుకుని కృప పక్కకు చేరింది. ఎవరూ వినకుండా చెవి దగ్గరికి వంగింది.

“కృపా, నువ్వు నీళ్లు కలపలే. గోడ తెల్లగైంది. నాదే తప్పు. ఏమనుకోకు.”

కృప అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

“అందరి ముందల అంటివి. ఇప్పుడు చెవుల చెప్తున్నవా?”

అంతే అంది. పళ్లెం తీసుకుని వేరే చోటికి వెళ్లింది.

వనజ పళ్లెం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. కృప అన్నదాంట్లో తప్పేముంది? మాట పడింది వీధిలో. దాన్ని తీయాలంటే వీధిలోనే తీయాలి.

బడి విడవగానే వనజ గేటు దగ్గర నిలబడింది. “జితేందర్, అందరు మా ఇంటికి రాండ్రి. ఒకటి చూపిస్త.”

“ఏంది?”

“వస్తే తెలుస్తది. ఏంచిన పల్లీలు గూడ ఉన్నయి.”

గోడ కోసం వచ్చారో పల్లీల కోసం వచ్చారో గానీ, ఆదివారం నవ్విన ఆరుగురూ వచ్చారు. ఈరోజు మబ్బు లేదు. ఎండ నేరుగా ముందు గోడ మీద పడుతోంది.

“ఇది నిన్న మీరు చూసిన గోడనే,” అంది వనజ.

“ఉండు. ఇంత తెల్లగున్నది? మల్ల ఏమేసిన్రు?” అన్నాడు శ్రవణ్.

“ఏమెయ్యలే. చూడండ్రి.”

వనజ చేతులకు నూనె రాసుకుని బకెట్ మూత తీసింది. కట్టెతో అడుగు దాకా కలిపింది. వదిలేసిన ముక్క మీద ఒక పూత వేసింది. గోడ కడుగునీళ్లు చల్లినట్టయింది.

“ఇగో, నీళ్లే,” అన్నాడు జితేందర్.

“కూసోండ్రి.”

“ఎందుకు?”

“ఎండేదాంక.”

క్రికెట్ ఆడే పిల్లలను ఒక గోడ ముందు కూర్చోబెట్టడం మాటలు కాదు. జితేందర్ రెండుసార్లు లేచాడు. వనజ రెండుసార్లూ పల్లీలు పెట్టి కూర్చోబెట్టింది. ఆమె మాత్రం తినలేదు. చెప్పాల్సిన మాట నోట్లో ఉంటే పల్లీలు ఎట్లా దిగుతాయి?

ముందు అంచులు తెల్లబడ్డాయి. తర్వాత అక్కడక్కడ మచ్చల్లా తెలుపు లేచింది. మచ్చలు ఒకదానితో ఒకటి కలిశాయి. పల్లీలు అయిపోయేసరికి మట్టిరంగు కనిపించకుండా పోయింది.

వనజ లేచి వాళ్ల ముందు నిలబడింది. చెవులు వేడెక్కాయి.

“కృప నీళ్లు కలపలే,” అంది. “కాలు కడుక్కున్న అని చెప్తే నేను ఇనలే. సున్నం ఎండితెనే తెల్లగైతదని నాకు తెల్వదు. తెల్వకుండనే అన్న. ఆ పేరు పెట్టింది నేను. ఇగ ఆ పేరు నాదే. పిలుస్తే నన్ను పిలువుండ్రి.”

జితేందర్ బ్యాటుతో నేల గీకాడు. “బోరింగు ముచ్చట చెప్పింది నేనే గద,” అని గొణిగాడు.

“బకెట్ కోసం వచ్చిన. నాయిన తెమ్మన్నడు.”

వెనక నుంచి వచ్చిన గొంతు కృపది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. అంతా విన్నదో లేదో కూడా తెలియదు. బకెట్ వైపు వచ్చింది. వంగింది. గోడ వైపు చూసింది.

“ఆ మూలకు సరిగ్గ అంటలే,” అంది. “కుంచె ఇటియ్యి.”

వనజ కుంచె ఇచ్చింది. వెంటనే నూనె సీసా కూడా అందించింది. కృప నూనె రాసుకుంటుంటే, బకెట్‌ను తనే ఎత్తి మూల దగ్గరికి మోసింది.

పొద్దు వాలేసరికి ఆటో వచ్చి ఆగింది. అమ్మ చెయ్యి పట్టుకుని, నల్లద్దాలు పెట్టుకున్న నాయినమ్మ దిగింది. ఇంటి ముందు నిలబడి గోడను, తోరణాన్ని, సీసాల్లో తీగలను ఒక్కొక్కటిగా చూసింది.

“మాలతీ, ఎవలింటికి తెచ్చినవే నన్ను?”

“మనిల్లే అత్తా,” అని అమ్మ నవ్వింది.

“సున్నం కృప తెచ్చింది నాయినమ్మా. తోరణం గూడ కృపనే కత్తిరించింది,” అంది వనజ. నాయినమ్మ ఇద్దరి తలలనూ నిమిరింది.

మర్నాడు పొద్దున బళ్లో టీచర్ ఇంకా రాలేదు. కృప వచ్చి ముందు బెంచీలో, వనజ పక్కన సంచి పెట్టింది. నిన్న సాయంత్రం గోడ దగ్గరికి రాని ఒక పిల్లవాడు కిటికీలోంచి అరిచాడు.

“ఏయ్, నీళ్ల సున్నం!”

కృప చెయ్యి సంచి మీదే ఆగింది. ఆమె తల తిప్పకముందే వనజ లేచి నిలబడింది.

“ఆఁ, నేనే. ఏంది, చెప్పు.”