భయపడనివ్వని బిళ్ళ

ఎండ యాభై రెండు డిగ్రీలు దాటిన మిట్టమధ్యాహ్నం సుహాసిని మేడ మీద తాపీగా వడియాలు పెడుతోంది. రెంటచింతలలో ఇప్పుడు ఎండకు జంకే పెద్దవాళ్ళు లేరు. మెడ కింద అతుక్కుని ఉండే సమతూకి అనే బిళ్ళ ఒంటి వేడినీ, నెత్తురులోని ఉప్పునూ చక్కెరనూ, గుండె వేగాన్నీ హద్దు దాటనివ్వదు. చెమట లేదు, దాహం లేదు, వణుకు లేదు. మే నెలలో పెళ్ళిళ్ళు కూడా పగలు రెండు గంటలకే పెట్టుకుంటున్నారు, ఆ వైభోగం చూసి తీరాలి!

అయితే ఐదేళ్ళు నిండని పిల్లలకు సమతూకి పెట్టరు. ఎదిగే ఒంటికి అది సరిపడదు. వాళ్ళను చల్లగదిలోనే ఉంచాలి. సుహాసిని కూతురు పావనికి నాలుగేళ్ళు. "నేనూ వస్తానమ్మా" అని మారాం చేస్తే, తనకు హాయిగానే ఉంది కదా అని వెంట తెచ్చుకుంది. తన ఒంటిని బట్టి ఎండను అంచనా కట్టడం, కొంప ముంచే పొరపాటు అదే.

చాప నిండాక తలెత్తి చూస్తే పావని పిట్టగోడ పక్కన పడి ఉంది. నుదురు తాకింది. చర్మానికి తగిలే వేడిని కూడా సమతూకి మొద్దుబార్చేస్తుంది కాబట్టి గోరువెచ్చగా తోచింది. పెదాలు మాత్రం ఎండి పగిలాయి. పిలిస్తే పలకలేదు.

సుహాసిని గుండె ఝల్లుమంది. మరుక్షణమే మెడ కింద చల్లదనం పాకి దడ అణిగిపోయింది. బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగుతుంటే కాళ్ళు బద్ధకంగా సాగాయి. బిడ్డ చచ్చిపోతుందని బుద్ధికి తెలుస్తోంది, ఒంటికి తెలియడం లేదు. గుండె మళ్ళీ ఎగిసింది, సమతూకి మళ్ళీ జోకొట్టింది. ఆ నెమ్మదిని తలుచుకుంటేనే ఆమెకు హడలు పుట్టింది.

కింది వాటాలో ఉండే ఆదెమ్మ ఎదురొచ్చింది. "ఏందే, షికారుకు పోతన్నట్టు నడుస్తన్నావు? పిల్ల మెడ వాల్చేసింది!"

"పరిగెత్తలేకపోతన్నా పిన్నీ. ఇది పరిగెత్తనియ్యట్లా. పీకెయ్!"

"ఈ ఎండలోనా? మాడి చస్తావే!"

"పీకెయ్ పిన్నీ!"

ఆదెమ్మ బిళ్ళ పీకేసింది. ఎండ ఒక్కసారిగా మీద పడింది, దానితో పాటే భయమూ. గుండె గొంతులోకి వచ్చింది. ఒళ్ళంతా వణికింది. చెప్పుల్లేని కాళ్ళతో, కాలే తారు మీద, వీధి చివరి ఆసుపత్రి దాకా సుహాసిని ఏడుస్తూ పరిగెత్తింది. బిడ్డను నర్సు చేతుల్లో పెట్టి కూలబడింది.

వెనకే నింపాదిగా వచ్చిన ఆదెమ్మ బిళ్ళ అందించింది. నర్సు దాన్ని పెట్టబోతే సుహాసిని చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ. నా బిడ్డ కళ్ళు తెరిచేదాకా నన్ను భయపడనియ్యండి."

"బిళ్ళకు అలవాటుపడ్డ మీ ఒంటికి ఇప్పుడు చెమట పట్టడం కూడా రాదమ్మా, చచ్చిపోతారు," అంటూ నర్సు బిళ్ళ నొక్కింది.

భయం పోయింది. పావని ఇంకా కదల్లేదు. సుహాసిని బల్ల మీద ప్రశాంతంగా కూర్చుంది, ఆ ప్రశాంతతకు సిగ్గుపడింది.

సాయంత్రానికి పావని కళ్ళు తెరిచింది. తల్లి చెయ్యి లాక్కుని తన ఎద మీద పెట్టుకుంది. "బయమేసిందమ్మా. ఇంకా దడదడా అంటంది చూడు."

"నాక్కూడా శానా బయమేసిందమ్మా."

పావని తల్లి గుండెకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"అబద్దం," అని మొహం అటు తిప్పుకుంది.