చావు తర్వాతి ముక్క

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు! మనిషి నీడ కాళ్లకిందికి ముడుచుకుపోయే వేళ... భూతప్రేతాలు ఒళ్లు విరుచుకునే వేళ! ఎడిటింగ్ గది కిటికీలకు నల్లటి తెరలు దించి ఉన్నాయి. వాటి వెనక మబ్బు తునకైనా లేని ఆకాశం భీకరంగా ఉరిమింది.

ఎడిటరమ్మకు ఉలిక్కిపడే ఓపిక కూడా లేదు. పాతికేళ్లుగా తెరమీద చావులు అతికీ అతికీ ఆమె వేళ్లు మొద్దుబారాయి. ఎదురుగా మూడు తెరలు. ఒకే ప్రాచీన విషాద నాటకాన్ని వేర్వేరు కాలాల్లో తీసిన మూడు సినిమాలు. మూడింటిలో ఒకే ఘట్టం... రాణి విషపానం! మూడింటికీ కత్తెర పట్టింది తనే.

అదే కథను నాలుగోసారి తీయబోతున్న దర్శకుడు, ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏ చావు నిజంలా ఉందో తేల్చమన్నాడు. ఈసారి రాణి వేషం ఎడిటరమ్మ సొంత చెల్లెలిది. రిహార్సలని చెప్పి ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో కపాలం పెట్టాడు. సినిమా సామానే కదా అనుకుంది ఎడిటరమ్మ... దాని నేత్రకుహరాల్లోంచి నల్లని ధూమం లేచేదాకా!

మొదటి తెర మీద రాణి నరికిన చెట్టులా కూలింది. గంభీరమే గానీ కాస్త అతి. దర్శకుడు మంత్రం గొణిగాడు... చెల్లెలి కాళ్లు మంచుగడ్డలయ్యాయి! రెండో రాణి నవ్వుతూ తాగింది. పొగరే తప్ప భయం లేదు. చెల్లెలి గొంతు పడిపోయింది!

ఎడిటరమ్మ గభాలున లేచింది. "ఏం చేస్తున్నారండీ దాన్ని?"

"ఆ ముగ్గురు తారలూ ఎప్పుడో పోయారు. వాళ్ల చావులు మాత్రం ఫిల్ములో పచ్చిగానే ఉన్నాయి. మూడోది కూడా ఒంట్లోకి ఎక్కిందంటే నీ చెల్లెలు నటించక్కర్లేదు. కెమెరా ముందు నిజంగానే పోతుంది. ఆపావో, ఎక్కిన రెండూ దాని ప్రాణం ఇప్పుడే తీస్తాయి. ఊఁ, నొక్కు."

మూడో రాణి కూర్చున్నచోటే, చేతిలో గిన్నె జారకుండా ప్రాణం విడుస్తుంది. అన్నింటిలోకీ నిజమైన చావు అదే. చెల్లెలిని మింగేదీ అదే!

ఎడిటరమ్మ కూలబడింది. ఎక్కడ కోశాను నేను?... పాత పెట్టెల్లోని ఫిల్మంతా కంప్యూటర్లోకి ఎక్కించమన్నది దర్శకుడే. కోసి పక్కన పడేసిన ముక్కలు కూడా ఎక్కాయి. ప్రేక్షకులు చావు దగ్గరే ఆగిపోతారు. ఈ మాంత్రికుడూ అక్కడే ఆగాడు. ఆ తర్వాతి ముక్క చూసేది ఎడిటరొక్కతే.

"సరేనండీ," అంది నీరసంగా. మూడు తెరల మీదా కోయని ఫిల్ము వదిలింది.

రాణులు ముగ్గురూ మరణించారు. ఎవరో కట్ అన్నారు. మొదటి రాణి లేచి మోచేతి దుమ్ము దులుపుకుంది. రెండో రాణి మంచినీళ్లు అడిగింది. మూడో రాణి గిన్నె పక్కన పెట్టి, "నడుం పట్టేసింది బాబూ, ఇంకో టేకంటే నిజంగానే పోతాను," అని విసుక్కుంది.

కుర్చీలో చెల్లెలు గుండెనిండా ఊపిరి పీల్చింది! కపాలం పెటిల్లున పగిలింది! ముగ్గురు రాణులూ ఒక్కసారిగా తలలు తిప్పి దర్శకుడి వైపు చూశారు... వాళ్లు దులుపుకున్న మూడు చావులకూ ఇప్పుడు ఒక ఒళ్లు కావాలి! అతడి కాళ్లు చల్లబడ్డాయి. మంత్రం గొంతులోనే గడ్డకట్టింది. ఆఖరికి కూర్చున్నచోటే, కళ్లు తెరుచుకునే ఉండగా...

"అక్కా, పోదాం పద," అంది చెల్లెలు.

"ఉండవే."

ఎడిటరమ్మ అలవాటుకొద్దీ మరికొన్ని క్షణాలు అతణ్ణే చూసింది.

లేవలేదు.